రోజమండ్ సమాధి, మఠకన్యల దస్తావేజు

నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం గాడ్‌స్టోలో పాతిపెట్టిన ఒకామె గురించి. అది రాసే నాటికి నేను గాడ్‌స్టో చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. ఆమె మీద మగవాళ్ళు రాసిన కావ్యాలూ నాటకాలూ నా బల్లమీద ఉన్నాయి. వాటిని స్త్రీవాద దృష్టితో ఎండగడితే నా పని అయిపోతుందనుకున్నాను. అయిపోయింది కూడా. డిగ్రీ వచ్చింది.

రెండేళ్ళ క్రితం మూడు నెలలు ఆక్స్‌ఫర్డ్‌లో ఉండి చదువుకునే అవకాశం దొరికింది. ఒక అక్టోబరు ఆదివారం, చదివి చదివి తల దిమ్మెక్కి, థేమ్స్ గట్టు పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాను. బిన్సీ ఊరు దాటాక నదికి అవతల పోర్ట్ మెడో కనిపిస్తూనే ఉంటుంది. ఎన్నడూ నాగలి తగలని పచ్చిక బయలు అది. గుర్రాలు, ఆవులు స్వేచ్ఛగా మేస్తున్నాయి. నీళ్ళ తలుపుల దగ్గర పడవలు ఆగి ఉన్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే గాడ్‌స్టో.

చూడటానికి ఏముంది అంటే, పెద్దగా ఏమీ లేదు. ఒక ఆవరణ గోడ. ఒక మూల కప్పు లేని చిన్న ప్రార్థన మందిరం, దాని తూర్పు కిటికీలో రాతి చట్రం. మధ్యలో గడ్డి, దురదగొండి లాంటి ముళ్ళాకు. 1139లో స్టీఫెన్ రాజు, మటిల్డా రాణి దగ్గరుండి ప్రతిష్ఠ చేయించిన చర్చి ఉండాల్సిన చోట ఆవు పేడ ఉంది. టిక్కెట్టు లేదు, కాపలా మనిషి లేడు. పడమటి వైపు ఏ34 రోడ్డు మీద లారీల హోరు. వంతెన అవతల ట్రౌట్ అనే పాత పబ్బు జనంతో కిటకిటలాడుతోంది. 1862 జూలై 4న లూయీ కరోల్ ముగ్గురు చిన్నపిల్లల్ని పడవలో ఎక్కించుకుని వచ్చింది ఈ గాడ్‌స్టోకే. ఆ ప్రయాణంలో చెప్పిన కథని రాసిపెట్టమని పదేళ్ళ ఆలిస్ అడగబట్టి మనకి ఆ పుస్తకం దక్కింది.

నేను గోడ నీడన కూర్చుని ఉండగా ఒక కుటుంబం వచ్చింది. తండ్రి పిల్లలిద్దరికీ చెబుతున్నాడు. ఇక్కడ రాజుగారి ప్రియురాలిని పాతిపెట్టారట, రాణికి కోపం వచ్చి విషం పెట్టి చంపేసిందట. చిన్నపిల్ల అడిగింది, ‘రాజు ఏం చేశాడు?’ అని. తండ్రి కాస్త ఆలోచించి, ఏడ్చాడనుకుంటా అన్నాడు. నేను నా అధ్యాయంలో నలభై పేజీల్లో చెప్పాలని తంటాలు పడిన విషయాన్ని ఆ పిల్ల మూడు మాటల్లో అడిగేసింది.

రోజమండ్ క్లిఫర్డ్ ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ ప్రేమించిన మనిషి. 1176 ప్రాంతంలో చనిపోయింది. గాడ్‌స్టోలో, ఎత్తైన బలిపీఠం ఎదురుగా పాతిపెట్టారు. ఆమె గురించి గట్టిగా తెలిసింది దాదాపు ఇంతే. తక్కినదంతా తర్వాతి వాళ్ళు అల్లింది. వుడ్‌స్టాక్‌లో ఆమెని దాచడానికి రాజు ఒక చిక్కుదారుల భవనం కట్టించాడనీ, రాణి ఎలియనార్ దారపు ఉండ పట్టుకుని దారి కనిపెట్టి వచ్చిందనీ, ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో విషపు గిన్నె పెట్టి ఏది కావాలో తేల్చుకోమందనీ.

ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. 1173లో కొడుకులు తండ్రి మీద తిరగబడ్డప్పుడు వాళ్ళ పక్షాన నిలబడ్డందుకు హెన్రీ ఎలియనార్‌ని పట్టి బంధించాడు. 1189లో అతను చచ్చేదాకా ఆమె బందీయే. రోజమండ్ చనిపోయిన నాటికి ఎలియనార్ కాపలా మధ్య ఉంది. అంటే, భార్యని పదిహేనేళ్ళకి పైగా నిర్బంధంలో పెట్టిన మగవాడు ఏడ్చిన ప్రేమికుడయ్యాడు. నిర్బంధంలో ఉన్న భార్య హంతకురాలైంది.

ఈ కథ ఎంతమందికి పనికొచ్చిందో చూడండి. 1592లో శామ్యూల్ డేనియల్ రోజమండ్ ప్రేతం చేతనే ఆమె కథ చెప్పించాడు. అది చదివితే మొదట మన గుండె కరుగుతుంది, ఒక స్త్రీ ‘నేను’ అంటోంది కదా అని. కానీ ఆ నేను ఎవరిది? ఆమె మాట్లాడేది తనని తాను నిందించుకోవడానికే. పైగా ఆమెని రాజు వైపు తోసింది కూడా దర్బారులోని ఒక పెద్దావిడేనంటాడు కవి. పాడు చేసింది ఆడది, చంపింది ఆడది, పశ్చాత్తాపపడేదీ ఆడదే. టామస్ డెలొనీ జానపద బాణీలో రాసిన పాటలో విషపు గిన్నె స్థిరపడింది. 1707లో అడిసన్ ఆపెరా రాశాడు. అందులో విషం నిద్రమందని తేలుతుంది, రోజమండ్‌ని మఠానికి పంపేసి రాజూ రాణీ మళ్ళీ కలిసిపోతారు. ఆ ఆపెరాని వుడ్‌స్టాక్ కొత్త యజమానురాలు మార్ల్‌బరో డచెస్‌కి అంకితమిచ్చాడు! 1860లో స్విన్‌బర్న్ మళ్ళీ విషం తాగించాడు. 1884లో టెన్నిసన్ తన ‘బెకెట్’ నాటకంలో రాణి చేతి కత్తి నుంచి ఆమెని కాపాడే పని ఆర్చ్‌బిషప్‌కి అప్పగించాడు. మతగురువు కాపాడాడట. అసలు మతగురువు ఏం చేశాడో ఇప్పుడు చెబుతాను.

1191లో లింకన్ బిషప్ హ్యూ గాడ్‌స్టో వచ్చాడు. తర్వాత చర్చి ఈయన్ని సెయింట్ చేసింది. ప్రార్థనకి లోపలికి వెళ్ళేసరికి బలిపీఠం ఎదురుగా పట్టుబట్టలు కప్పిన సమాధి, చుట్టూ వెలుగుతున్న కొవ్వొత్తులు. ఎవరిదని అడిగాడు. రోజమండ్‌ది, ఆమె మీద ప్రేమకొద్దీ హెన్రీ రాజు మా మఠానికి ఎన్నో మేళ్ళు చేశాడు అని చెప్పారు మఠంవాళ్ళు. ఆమె వేశ్య, బయట పాతెయ్యండి, మిగతా ఆడవాళ్ళు చూసి బుద్ధి తెచ్చుకుంటారు అన్నాడు బిషప్. ఆ కాలపు చరిత్రకారుడు రోజర్ ఆఫ్ హౌడెన్ రాసిపెట్టిన విషయం ఇది. రాజు బతికుండగా ఎవరికీ అభ్యంతరం రాలేదు. అతను పోయిన రెండేళ్ళకి వచ్చింది.

ఆ హెన్రీ రాజు ఎక్కడున్నాడు? ఫ్రాన్స్‌లో ఫోంట్‌వ్రో మఠం చర్చిలో, కిరీటం పెట్టుకుని, రాతి పరుపు మీద పడుకుని ఉన్నాడు. వ్యభిచారం ఇద్దరిదీ అని బిషప్ కూడా ఒప్పుకున్నాడు గానీ, బయటికి నెట్టింది ఒకరినే. (హెన్రీ పక్కనే ఎలియనార్ శిల్పం ఉంది. చేతిలో పుస్తకం తెరిచి చదువుకుంటూ ఉంటుంది. ఇన్ని వందల ఏళ్ళుగా అతని వైపు చూడకుండా చదువుకుంటున్న ఆ శిల్పం అంటే నాకు చాలా ఇష్టం.)

మన భాష సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రోజమండ్‌ని తెలుగులో ఏమనాలి? నా అధ్యాయంలో ఒక భాగాన్ని ఒక పత్రిక కోసం తెలుగు చేసినప్పుడు ఈ మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఉంపుడుగత్తె, ఉంచుకున్నది. ఉంచుకున్నవాడు అతను. ఆ క్రియకి కర్త అతను. కానీ ‘ఉంచుకున్నది’ అన్నప్పుడు ఆ పని ఆమె మెడకి చుట్టుకుంటుంది. ‘ఉంచుకున్నవాడు’ అని ఎవరినైనా తిట్టగా విన్నారా? చివరికి ‘రాజు ప్రేమించిన స్త్రీ’ అని రాసి సరిపెట్టాను. అదీ నిజం కాదు. ఆమెకి ఇష్టమో కాదో మనకి చెప్పిన కాగితం ఒక్కటీ లేదు.

బిషప్ హ్యూ మాటలు చదివినప్పుడల్లా నాకు ముద్దుపళని గుర్తుకొస్తుంది. ‘రాధికా సాంత్వనము’ రాసినామె వేశ్య కాబట్టి సాహిత్య మందిరంలో ఉండకూడదన్నారు మన పెద్దలు. 1910లో దాన్ని పూర్తిగా అచ్చువేయించింది మరో దేవదాసి, బెంగళూరు నాగరత్నమ్మ. మరుసటి ఏడే ప్రభుత్వం ప్రతుల్ని పట్టుకుంది. నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. ముద్దుపళని ప్రస్తావన నా సిద్ధాంత గ్రంథంలోనే ఉంది, రోజమండ్‌తో పోల్చి. కానీ పోలికలో సగమే చూశాను. ముద్దుపళనికి నాగరత్నమ్మ ఉంది. మరి రోజమండ్ సమాధి మీద పట్టుబట్ట కప్పిందెవరు? రోజూ కొవ్వొత్తి వెలిగించిందెవరు? బిషప్ అడిగితే జంకకుండా రోజమండ్‌ది అని చెప్పిందెవరు?

వాళ్ళ గురించి నా నలభై పేజీల్లో ఒక్క వాక్యం లేదు.

మన తెలుగు కథోలికులు నన్స్‌ని మఠకన్యలంటారు. నేనూ ఇక్కడ ఆ మాటే వాడుతున్నాను గానీ, గాడ్‌స్టో మఠం పెట్టిన ఈడిత్ కన్య కాదు. మొగుడు పోయిన మనిషి, పిల్లల తల్లి. వాళ్ళ కథనం ప్రకారం వించెస్టర్ నుంచి బయల్దేరి బిన్సీలో ఉండగా, ఆకాశం నుంచి వెలుగు నేలని తాకే చోట ఇరవైనలుగురు మంచి వంశపు స్త్రీలకి మఠం కట్టమని ఒక రాత్రి స్వరం వినపడింది. మొదటి హెన్రీ రాజు దగ్గరికి తనే వెళ్ళి అడిగింది. జాన్ ఆఫ్ సెయింట్ జాన్ భూమి ఇచ్చాడు. ఈడిత్ మొదటి మఠాధిపతి అయింది. ‘మంచి వంశపు’ అన్న మాటని నేను దాటవెయ్యడం లేదు. ఇది దిక్కులేని స్త్రీల ఆశ్రమం కాదు, కలిగినింటి ఆడవాళ్ళది. కౌళ్ళు, మిల్లులు, ఆక్స్‌ఫర్డ్‌లో అద్దె ఇళ్ళు ఉన్న సంస్థ. ఆ కౌళ్ళు కట్టినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ కథ వేరే ఎవరైనా రాయాలి.

బిషప్ ఆజ్ఞాపించాడు సరే, మఠకన్యలు ఎంతవరకు పాటించారు? సమాధి చర్చిలోంచి కదిలింది. కానీ ఊరి బయటికి పోలేదు. మఠం లోపలే, రోజూ తాము సమావేశమయ్యే గదిలో పెట్టుకున్నారు. అక్కడ ఇంకో మూడున్నర వందల ఏళ్ళు ఉంది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు దాన్ని తవ్వి తీశారు. ఎముకలు తోలులో చుట్టి, సీసంలో పెట్టి ఉన్నాయనీ, తెరవగానే చాలా మంచి వాసన వచ్చిందనీ జాన్ లేలండ్ రాశాడు. పురాతత్వం రాసే మనిషి ఆ వాసన సంగతి ఎందుకు రాశాడో! పుణ్యాత్ముల సమాధి తెరిస్తే సుగంధం వస్తుందని ఆ కాలపు నమ్మకం. బిషప్ తీర్పు మీద ఎవరో వేసిన అప్పీలులా ఉంది అది.

మఠం అంత తేలిగ్గా మూతపడలేదు. 1538 నవంబరులో డాక్టర్ జాన్ లండన్ వచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ పెద్ద, రాజు మనుషుల్లో ఒకడు. హఠాత్తుగా పరివారంతో దిగి, అప్పగించమని మఠాధిపతినీ, తోటి సిస్టర్లనీ బెదిరించడం, బుజ్జగించడం మొదలుపెట్టాడు. మఠాధిపతి కేథరిన్ బల్క్‌లీ నేరుగా మంత్రి క్రామ్‌వెల్‌కి ఉత్తరం రాసింది. రాజుగారి ఆజ్ఞ అయితే లోబడతాను, పాత శత్రువైన ఈ మనిషి చేతుల్లో మాత్రం పెట్టను అని ఆమె వాదన. క్రామ్‌వెల్ అతన్ని ఆపాడు. ఒక ఏడాది దక్కింది. 1539 నవంబరులో మఠం రాజు చేతికి పోయింది. రాజవైద్యుడు జార్జ్ ఓవెన్ దాన్ని ఇల్లుగా మార్చుకున్నాడు. 1645లో అంతర్యుద్ధంలో రాజపక్షం సైన్యమే దాన్ని తగలబెట్టింది. రాజులు నిలబెట్టింది, రాజులు కూలగొట్టింది అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మధ్యలో ఆ ఒక్క ఏడాది ఉందే, అది కేథరిన్ సంపాదించుకున్నది.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆ గోడలు కాదు, మర్నాడు బోడ్లియన్ గ్రంథాలయంలో నేను అడిగి తెప్పించుకున్న ఒక పుస్తకం. గాడ్‌స్టో మఠం ఇంగ్లీషు రిజిస్టరు. దాని రాతప్రతి ఆ గ్రంథాలయంలోనే ఉంది. నేను చూసింది ఆండ్రూ క్లార్క్ 1905 నుంచి భాగాలుగా అచ్చువేయించిన ప్రతి. మఠం ఆస్తుల దస్తావేజులన్నీ లాటిన్‌లో ఉండేవి. (ఆ లాటిన్ సంపుటి ఎమిలీ ఆమ్ట్ సంపాదకత్వంలో 2014లో వచ్చింది.) 1450 ప్రాంతంలో మఠాధిపతి ఆలిస్ హెన్లీ కాలంలో వాటిని ఇంగ్లీషులోకి రాయించుకున్నారు. రాసినవాడు తన పేరు చెప్పలేదు, మఠం మేలుకోరే ఒక బీద సోదరుణ్ణి అంటాడు. అతని ముందుమాటలో ఉన్న సంగతి ఇది. ఈ స్త్రీలు ఇంగ్లీషు పుస్తకాలు బాగా చదువుకున్నవాళ్ళు. లాటిన్ తమ తల్లిభాష కాదు కాబట్టి అది లోతుగా తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మగవాళ్ళు ఎప్పుడూ దగ్గర ఉండరు. కాగితంలో ఏముందో తెలియకపోతే హక్కు దెబ్బతింటుంది. తమ భాషలో ఉంటే తమ ఆస్తి తామే తెలుసుకోగలరు, శిస్తు వసూలు చేసే పనివాళ్ళకి తామే ఆదేశాలు ఇవ్వగలరు.

లాటిన్ నేర్పే విశ్వవిద్యాలయం అక్కడికి గంట నడక. ఆ చదువు ఈ గోడల లోపలికి రాలేదు. వచ్చింది విద్యార్థులు. వాళ్ళు మఠానికి తరచూ వచ్చి మఠకన్యలతో కబుర్లు చెబుతున్నారని 15వ శతాబ్దంలో బిషప్పుల తనిఖీల్లో ఫిర్యాదులున్నాయి. ఐలీన్ పవర్ 1922లో మధ్యయుగ మఠకన్యల మీద రాసిన పెద్ద పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకి పట్టాలివ్వడం మొదలుపెట్టింది అంతకు రెండేళ్ళ ముందే, 1920లో.

రిజిస్టరులో రోజమండ్ కూడా ఉంది. తండ్రి వాల్టర్ క్లిఫర్డ్ ఫ్రాంప్టన్‌లోని మిల్లుని మఠానికి రాసిచ్చాడు, తన భార్య మార్గరెట్ ఆత్మకీ, కూతురు రోజమండ్ ఆత్మకీ మేలు కలగాలని. అంతే. ఇక్కడ ఆమె లోకపు గులాబీ కాదు, మలినమైన గులాబీ కాదు (ఆమె పేరుతో శ్లేషాడిన సమాధి పద్యాన్ని కూడా మగ చరిత్రకారులే ప్రచారంలో పెట్టారు). తల్లి పక్కన పేరున్న ఒక కూతురు. నా అధ్యాయంలో నేను డేనియల్ నుంచి టెన్నిసన్ దాకా వెతికాను, వాళ్ళని దుమ్మెత్తిపోశాను. కానీ సాహిత్యం అంటే వాళ్ళు రాసిందే అనుకున్నాను కాబట్టి, దస్తావేజుల పుస్తకాన్ని అడుగు సూచికలో కూడా పెట్టలేదు. స్త్రీలు అడిగి రాయించుకున్న వాక్యాలు అందులో ఉన్నాయి.

ఆ ముందుమాట చదువుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నల్గొండ జిల్లాలో ఆమెకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద కొంత భూమి రాసిచ్చారు, నిజాం కాలంలో. కాగితం ఉర్దూలో ఉంది. ఆమె తెలుగు బాగా చదివేది. భాగవతం పద్యాలు కంఠతా వచ్చు. కానీ ఆ కాగితం చదివి చెప్పింది పట్వారీ, ఒక్కసారి. తాతయ్య పోయాక ఆమె మరిది ఎకరంన్నర అన్నాడు. ఎకరంన్నరే అనుకుంది. అదీ ఆయనే సాగు చేసి, ఇచ్చిన గింజలు ఇచ్చేవాడు. అమ్మమ్మ ఆ కాగితాన్ని మడిచి ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది. అప్పుడప్పుడు తీసి చూసుకునేదట. ఏముందో తెలియకుండా ఏం చూసేదో!

గ్రంథాలయం మెట్ల మీద కూర్చునే అమ్మకి ఫోన్ చేశాను. కాగితం ఇంకా ఉందా అన్నాను. ‘ఇంత దూరం పోయి ఇదా అడిగేది’ అంది. రెండు రోజులకి ఫొటో తీసి పంపింది. మడతల దగ్గర చిరిగి ఉంది. మా కాలేజీలో ఉర్దూ చెప్పే మేడమ్‌కి పంపించాను. షికస్తా రాత, చదవడం కష్టమంటూనే వారం తిరక్కుండా చదివి చెప్పారు. అమ్మమ్మ పేరు ఉందా అని ముందు అదే అడిగాను. ఉందట, తండ్రి పేరు తర్వాత, మొగుడి పేరుకి ముందు. భూమి రెండెకరాల పది గుంటలు. దాంతోపాటు బావిలో నాలుగో వంతు హక్కు.

బావి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ బావి నాకు తెలుసు. మా అమ్మ నీళ్ళకి వేరే బావికి పోయేది. ఇది చిన్నాయన వాళ్ళది అనేది. ఇప్పుడు పూడ్చేశారు’ అంది.